నౌకా అణు రియాక్టర్లు

జలాంతర్గాములను, విమాన వాహక నౌకలను, మరికొన్ని పెద్ద యుద్ధనౌకలను నడపడానికి వాటి లోపలే అమర్చే అణు రియాక్టర్లను నౌకా అణు రియాక్టర్లు అంటారు. యురేనియం-235 కేంద్రక విచ్ఛిత్తి వల్ల పుట్టే వేడితో నీరు ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి టర్బైన్లను తిప్పి ప్రొపెల్లర్‌కు చలనాన్ని, ఓడకు విద్యుత్తును ఇస్తుంది. అణు జలాంతర్గాములను ప్రస్తుతం అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా, భారత్ నడుపుతున్నాయి. అణుశక్తితో నడవడం, అణ్వాయుధాలు మోయడం వేర్వేరు విషయాలు. అణు జలాంతర్గాముల్లో చాలా వాటిలో మామూలు టార్పెడోలు, క్షిపణులే ఉంటాయి.

అవసరం: డీజిల్ జలాంతర్గామి పరిమితి

డీజిల్ ఇంజన్ నడవడానికి చమురుతో పాటు గాలి కావాలి. నీటి అడుగున గాలి దొరకదు కాబట్టి సంప్రదాయ జలాంతర్గామి మునిగినప్పుడు బ్యాటరీల మీద నడుస్తుంది. అవి అయిపోగానే పైకి రావాలి, లేదా స్నార్కెల్ గొట్టాన్ని నీటి పైకి చాచి ఇంజన్లు నడిపి బ్యాటరీలను మళ్లీ నింపుకోవాలి. శత్రువు కంటబడేది ఆ సమయంలోనే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఎక్కువగా వాడిన 7సి రకం యు-బోటు నీటి మీద గంటకు 33 కి.మీ. వేగంతో వెళ్లేది, మునిగితే 14 కి.మీ. మించేది కాదు. గంటకు 7 కి.మీ. చొప్పున నింపాదిగా కదిలినా నీటి అడుగున దాదాపు 150 కి.మీ. మాత్రమే పోగలిగేది. నిజానికి అది అవసరం పడినప్పుడు మునిగే పడవ, అంతే.

విచ్ఛిత్తికి ఆక్సిజన్ అక్కర్లేదు. నౌకా రియాక్టరు ప్రధాన ప్రయోజనం ఈ లక్షణం నుంచే వచ్చింది. రెండో లక్షణం ఇంధన సాంద్రత. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే దాదాపు 2,000 టన్నుల చమురు కాల్చినంత వేడి వస్తుంది. 83 మెగావాట్ల ఉష్ణసామర్థ్యం గల రియాక్టరు రోజంతా పూర్తి శక్తితో నడిస్తే ఖర్చయ్యే యురేనియం-235 సుమారు 100 గ్రాములు, అంటే పరిమాణంలో ఒక టీ చెంచాడు. అదే వేడి చమురుతో రావాలంటే 170 టన్నులు కావాలి. విద్యుత్తు సమృద్ధిగా ఉండటంతో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చుకోవడం, నీటిని విద్యుద్విశ్లేషణ చేసి సిబ్బందికి ఆక్సిజన్ తయారు చేసుకోవడం కూడా లోపలే జరిగిపోతాయి. ఇక గస్తీ కాలాన్ని నిర్ణయించేవి రెండే: నిల్వ ఉన్న ఆహారం, మనుషుల ఓర్పు. అందుకే గస్తీలు సాధారణంగా రెండు మూడు నెలల్లో ముగుస్తాయి.

చరిత్ర: అమెరికా

అణుశక్తితో ఓడలు నడపాలన్న ఆలోచన అమెరికా నౌకాదళంలో 1939 నుంచే ఉంది. దానికి రూపం ఇచ్చినవాడు హైమన్ రికోవర్. పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన ఈ ఎలక్ట్రికల్ ఇంజనీరు 1946లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలకు వెళ్లి రియాక్టర్ల గురించి నేర్చుకున్నాడు. నౌకాదళ రియాక్టర్ల విభాగాన్ని మొదటి నుంచి 1982 వరకు నడిపాడు. ఒత్తిడిలో ఉంచిన మామూలు నీటితోనే రియాక్టరును చల్లబరచవచ్చన్న సూచన ఓక్ రిడ్జ్ శాస్త్రవేత్త ఆల్విన్ వైన్‌బర్గ్‌ది. నీటితో ఎలా మెలగాలో నావికులకు తెలుసు. పంపులు, కవాటాలు, ఆవిరి గొట్టాలు వారికి కొత్తవి కావు. ఈ ఎంపిక వెనుక అదీ ఒక కారణం.

ఇంధనానికి తొడుగుగా ఏ లోహం వాడాలన్నది మొదటి చిక్కు. జిర్కోనియం వేడి నీటిలో తుప్పుకు తట్టుకుంటుంది, న్యూట్రాన్లను దాదాపు పీల్చుకోదు. అయితే ఖనిజంలో దానితో కలిసి హాఫ్నియం ఉంటుంది. రసాయనికంగా రెండూ కవలల వంటివి, విడదీయడం కష్టం. పైగా హాఫ్నియం న్యూట్రాన్లను విపరీతంగా పీలుస్తుంది. అది కొద్దిగా మిగిలినా తొడుగు పనికిరాదు. రెండింటినీ వేరు చేసే పద్ధతి కుదిరాక జిర్కోనియం ఇంధనపు తొడుగైంది, తీసేసిన హాఫ్నియం నియంత్రణ కడ్డీలకు పనికొచ్చింది. ఆ తొడుగు లోహం తరువాత పౌర రియాక్టర్లకూ వచ్చింది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి హాఫ్నియం తొలగించి మన విద్యుత్ రియాక్టర్లకు గొట్టాలు తయారు చేస్తుంది.

తొలి నమూనాను సముద్రానికి ఎంతో దూరాన, ఇడాహో ఎడారిలో నిర్మించారు. జలాంతర్గామి దేహంలో ఒక భాగాన్ని యథాతథంగా కట్టి, రియాక్టరు గదిని నీటి తొట్టెలో ఉంచారు. 1953 మార్చి 30న అందులో శృంఖల చర్య మొదలైంది. జూన్‌లో 24 గంటల పరీక్ష ముగిశాక ఇంజనీర్లు ఆపేద్దామన్నా రికోవర్ ఒప్పుకోలేదు. ఓడ అట్లాంటిక్ దాటుతున్నట్టు భావించి నడిపించాడు. గోడ మీద పటంలో నోవా స్కోషియా నుంచి ఐర్లండ్ దిశగా గీత జరుగుతూ పోయింది. మధ్యలో పరికరాలు మొరాయించినా దాదాపు నాలుగు రోజులకు ఆ గీత అవతలి తీరం చేరింది.

గ్రోటన్ ఓడల కర్మాగారంలో తయారైన తొలి అణు జలాంతర్గామి నాటిలస్ 1954 జనవరి 21న జలప్రవేశం చేసింది. 1955 జనవరి 17న తొలిసారి అణుశక్తితో కదిలింది. అదే సంవత్సరం మేలో న్యూ లండన్ నుంచి ప్యూర్టోరికోలోని శాన్ వాన్ వరకు 90 గంటల లోపే, అంతా నీటి అడుగునే వెళ్లింది. 1958 ఆగస్టు 3న మంచు కింది నుంచి ఉత్తర ధ్రువం దాటింది. దాని మొదటి ఇంధనం 1957లో మార్చేసరికి ఓడ లక్ష కి.మీ. పైగా తిరిగింది. 1960లో రెండు రియాక్టర్ల జలాంతర్గామి ట్రైటన్ మునిగి ఉండే భూమిని చుట్టి వచ్చింది.

నౌకాదళం కోసం రూపొందిన పరిజ్ఞానం ఒడ్డుకూ చేరింది. విమాన వాహక నౌక కోసం అనుకున్న నమూనా ఆధారంగా 1957లో పెన్సిల్వేనియాలోని షిప్పింగ్‌పోర్ట్ విద్యుత్ కేంద్రం మొదలైంది. నేడు ప్రపంచంలో ఎక్కువగా ఉన్న విద్యుత్ రియాక్టర్లు ఈ ఒత్తిడి నీటి రకానివే.

చరిత్ర: ఇతర దేశాలు

సోవియట్ యూనియన్ తొలి అణు జలాంతర్గామి కె-3 1958 జులై 4న అణుశక్తితో కదిలింది. అది 1962లో ఉత్తర ధ్రువం చేరింది, తరువాత లెనిన్‌స్కీ కొమ్సొమోల్ అన్న పేరు పొందింది. సోవియట్లు ఒక్కో జలాంతర్గామిలో సాధారణంగా రెండు రియాక్టర్లు పెట్టారు. అమెరికన్లు ఒకదానితో సరిపెట్టుకుని నాణ్యత మీద శ్రద్ధ పెట్టారు. 1959లో సేవలోకి వచ్చిన లెనిన్ మంచు పగలగొట్టే నౌక అణుశక్తితో నడిచిన తొలి ఉపరితల ఓడ.

బ్రిటన్ 1958 ఒప్పందం ద్వారా అమెరికా రియాక్టరు పొంది 1963లో డ్రెడ్‌నాట్ జలాంతర్గామిని సేవలోకి తెచ్చింది. 1966 నాటి వాలియంట్‌తో సొంత రోల్స్-రాయిస్ రియాక్టరు సమకూరింది. ఫ్రాన్స్‌కు అలాంటి సాయం అందలేదు. 1971లో సేవలో చేరిన లె రెడుటాబ్ల్ ఆ దేశపు సొంత కృషి. చైనా తొలి అణు జలాంతర్గామి 1974లో నౌకాదళంలో చేరింది. బ్రెజిల్ సొంత అణు జలాంతర్గామిని నిర్మిస్తోంది. ఆస్ట్రేలియా 2021లో బ్రిటన్, అమెరికాలతో కుదిరిన ఆకస్ ఒప్పందం ద్వారా పొందబోతోంది.

నిర్మాణం, పని తీరు

నేటి నౌకా రియాక్టర్లు దాదాపు అన్నీ ఒత్తిడి నీటి రకానివే. ఇందులో నీటి వలయాలు రెండు. మొదటి వలయంలోని నీరు రియాక్టరు గుండె మీదుగా ప్రవహిస్తూ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. వాతావరణ పీడనానికి వంద రెట్లకు పైబడిన ఒత్తిడిలో ఉండటం వల్ల అది మరగదు. స్టీమ్ జనరేటరులో సన్నని గొట్టాల గోడల గుండా తన వేడిని రెండో వలయంలోని నీటికి ఇస్తుంది. ఆ రెండో నీరు ఆవిరై టర్బైన్లకు వెళ్తుంది, తరువాత సముద్రపు నీటితో చల్లబరిచే కండెన్సరులో మళ్లీ నీరై తిరిగి వస్తుంది. రెండు నీళ్లూ కలవవు కాబట్టి టర్బైన్లకు రేడియోధార్మికత అంటదు. కండెన్సరు గొట్టం ఒక్కటి చిల్లిపడినా ఉప్పునీరు రెండో వలయంలో చేరి గొట్టాలను తినేస్తుంది. అందుకే ఇంజన్ గదిలో నీటిని క్రమం తప్పక పరీక్షిస్తారు.

మొదటి వలయపు నీరు రెండు పనులు చేస్తుంది. వేడిని మోయడమే కాక, విచ్ఛిత్తిలో వెలువడే వేగవంతమైన న్యూట్రాన్లను నెమ్మదింపజేసే మితకారిగానూ ఉంటుంది. దీని నుంచి ఒక గొప్ప సౌలభ్యం వచ్చింది. కెప్టెన్ వేగం పెంచమంటే టర్బైన్ ఎక్కువ ఆవిరి లాక్కుంటుంది. దాంతో రియాక్టరుకు తిరిగి వచ్చే నీరు కొంచెం చల్లగా, అందువల్ల కొంచెం చిక్కగా ఉంటుంది. చిక్కని నీరు న్యూట్రాన్లను మరింత బాగా నెమ్మదింపజేస్తుంది, విచ్ఛిత్తి పెరుగుతుంది. వేగం తగ్గిస్తే దీనికి విలోమంగా జరుగుతుంది. నియంత్రణ కడ్డీలను కదపకుండానే రియాక్టరు ఓడ అవసరాన్ని అనుసరిస్తుంది. విద్యుత్ కేంద్రంలో మార్పులు నిదానంగా జరుగుతాయి, యుద్ధనౌకలో నిమిషాల్లో జరగాలి. ఈ స్వయం సర్దుబాటు లేకపోతే అది కష్టమయ్యేది.

రియాక్టరు చుట్టూ ఉక్కు, సీసం, నీరు, పాలిథిలిన్‌లతో కవచం ఉంటుంది. సిబ్బంది ముందు భాగం నుంచి ఇంజన్ గదికి కవచంతో కట్టిన సన్నని దారిలో నడిచి వెళ్తారు. ఓడ ఒరిగినా తలకిందులుగా వాలినా కడ్డీలు లోపలికి దిగాలి కాబట్టి గురుత్వాకర్షణను మాత్రమే నమ్ముకోరు.

రియాక్టరును ఆపడం వేరు, వేడి ఆగడం వేరు. కడ్డీలన్నీ దించాక కూడా విచ్ఛిత్తి శకలాల క్షయం వల్ల తొలి క్షణాల్లో పూర్తి శక్తిలో సుమారు 6 శాతం, గంట తరువాత కూడా ఒక శాతానికి పైగా వేడి పుడుతూనే ఉంటుంది. దాన్ని తీసేయడానికి నీరు తిరుగుతూ ఉండాలి. నౌకా రియాక్టర్ల ప్రమాదాల్లో ఘోరమైన వాటిలో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది (చూ. ప్రమాదాలు).

ఇంకో ఇబ్బంది జినాన్. విచ్ఛిత్తిలో పుట్టే అయోడిన్-135 క్షయమై జినాన్-135 అవుతుంది. ఇది న్యూట్రాన్లను గట్టిగా మింగేస్తుంది. రియాక్టరు ఆపిన తరువాత కొన్ని గంటల పాటు ఇది పెరుగుతూ పోతుంది. బలహీనమైన ఇంధనమైతే ఆ సమయంలో తిరిగి వెలిగించడం సాధ్యపడదు. యుద్ధనౌక ఒకరోజు ఆగి వేచి ఉండలేదు కాబట్టి అవసరానికి మించి ఇంధనం నింపుతారు. ఆ అదనపు శక్తిని తొలి ఏళ్లలో అణచడానికి బోరాన్ వంటి క్రమంగా ఖర్చయిపోయే పదార్థాలు కలుపుతారు.

చప్పుడు

జలాంతర్గామికి రక్షణ నిశ్శబ్దమే. మొదటి వలయంలోని పెద్ద పంపులు, టర్బైన్ వేగాన్ని ప్రొపెల్లర్‌కు తగినట్టు తగ్గించే గేర్లు అణు జలాంతర్గామి గుట్టు బయటపెడతాయి. బ్యాటరీ మీద నెమ్మదిగా సాగే డీజిల్ జలాంతర్గామి ఈ విషయంలో నేటికీ గట్టి పోటీ. 1969 నాటి అమెరికా జలాంతర్గామి నార్వాల్‌లో వేడి నీరు పైకి, చల్లని నీరు కిందికి సహజంగా తిరిగేలా రియాక్టరు రూపొందించారు. తక్కువ వేగాల్లో పెద్ద పంపుల అవసరం లేకుండా పోయింది. ఆ సూత్రం తరువాతి ఒహాయో తరగతిలో కొనసాగింది. గేర్ల బదులు టర్బైన్‌తో విద్యుత్తు పుట్టించి మోటారుతో ప్రొపెల్లర్ తిప్పే పద్ధతిని అమెరికా 1960లో టల్లిబీ జలాంతర్గామిలో ప్రయత్నించింది. ఫ్రాన్స్ తన జలాంతర్గాముల్లో దీన్నే ఎంచుకుంది. యంత్రాలన్నింటినీ రబ్బరు ఆధారాల మీద తేలియాడే వేదికపై బిగించడం ఇప్పుడు సర్వసాధారణం.

ఇంధనం

సహజ యురేనియంలో యురేనియం-235 వాటా 0.7 శాతం. చాలా విద్యుత్ కేంద్రాల్లో దీన్ని 3 నుంచి 5 శాతానికి పెంచి వాడతారు. అమెరికా, బ్రిటన్ జలాంతర్గాముల్లో ఇది 90 శాతానికి పైనే, అంటే ఆయుధ స్థాయి. సోవియట్, రష్యా రియాక్టర్లలో ఎక్కువగా 20 నుంచి 45 శాతం మధ్య ఉంటుంది. ఫ్రాన్స్ తక్కువ సంపన్నత గల ఇంధనానికి మళ్లింది. సంపన్నత పెరిగేకొద్దీ రియాక్టరు చిన్నదవుతుంది, ఇంధనం ఎక్కువ కాలం మన్నుతుంది. అమెరికా వర్జీనియా తరగతి జలాంతర్గాములు 33 ఏళ్ల జీవితకాలమంతా ఇంధనం మార్చకుండా నడిచేలా రూపొందాయి. ఫ్రాన్స్ ఓడలు మాత్రం కొన్నేళ్లకోసారి రేవుకు వచ్చి ఇంధనం మార్చుకోవాలి. సులువుగా మార్చడానికి వాటి దేహంలో ప్రత్యేక ద్వారాలు అమర్చారు.

ఈ తేడాకు రాజకీయ ప్రాధాన్యం ఉంది. అణ్వాయుధాలు లేని దేశం నౌకా రియాక్టరు కోసం ఉంచుకున్న ఇంధనాన్ని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీల నుంచి మినహాయించుకునే వీలు ప్రామాణిక భద్రతా ఒప్పందంలో ఉంది. ఆకస్ తరువాత ఈ మినహాయింపుపై చర్చ ముదిరింది.

ద్రవలోహ రియాక్టర్లు

నీటికి బదులు ద్రవలోహంతో చల్లబరిస్తే అంత ఒత్తిడి లేకుండానే ఎక్కువ ఉష్ణోగ్రత సాధ్యం. అమెరికా 1957లో సీవుల్ఫ్ జలాంతర్గామిలో సోడియం వాడింది. సోడియం నీటిని తాకితే భగ్గుమంటుంది. ఆవిరి గొట్టాల్లో లీకులు ఎదురయ్యాక దాన్ని తీసేసి ఒత్తిడి నీటి రియాక్టరు పెట్టారు.

సోవియట్లు సీసం-బిస్మత్ మిశ్రమాన్ని ఎంచుకున్నారు. దానితో నడిచిన లిరా తరగతి జలాంతర్గాములు, నాటో భాషలో ఆల్ఫాలు, గంటకు 75 కి.మీ. వేగం అందుకున్నాయి. అయితే ఆ మిశ్రమం 125 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టిందంటే రియాక్టరు పనికిరాదు. రేవులో ఉన్నప్పుడూ దాన్ని వేడిగా ఉంచాల్సిందే. ఒడ్డున అందుకు చేసిన ఏర్పాట్లు సరిగా సాగక రియాక్టర్లను నిరంతరం నడపాల్సి వచ్చింది. పైగా బిస్మత్ న్యూట్రాన్లు పీల్చుకుని ప్రమాదకరమైన పొలోనియం-210ని పుట్టిస్తుంది.

ఉపరితల నౌకలు

అమెరికా 1961లో లాంగ్ బీచ్ క్రూయిజరును, ఎనిమిది రియాక్టర్ల ఎంటర్‌ప్రైజ్ విమాన వాహక నౌకను సేవలోకి తెచ్చింది. 1964లో ఈ రెండూ, బెయిన్‌బ్రిడ్జ్ అనే మరో అణు యుద్ధనౌకా కలిసి ఇంధనం నింపుకోకుండా 65 రోజుల్లో భూమిని చుట్టాయి. 1975 నాటి నిమిట్జ్‌కు రెండు రియాక్టర్లు సరిపోయాయి. అణు క్రూయిజర్లు మాత్రం ఖర్చుకు నిలవలేదు. 1990ల చివరికి అమెరికా వాటన్నింటినీ విరమించింది. విమాన వాహక నౌకకు ఉన్న లాభం వేరు: తన కోసం చమురు మోయక్కర్లేదు కాబట్టి ఆ చోటు విమానాల ఇంధనానికి, ఆయుధాలకు మిగులుతుంది. అమెరికా కాక ఇలాంటి నౌకను నడుపుతున్న దేశం ఫ్రాన్స్ ఒక్కటే. దాని చార్ల్స్ ద గాల్ 2001 నుంచి 150 మెగావాట్ల రియాక్టర్లు రెండింటితో నడుస్తోంది. రష్యా కిరోవ్ తరగతి క్రూయిజర్లలో రియాక్టర్లతో పాటు చమురు బాయిలర్లు కూడా ఉన్నాయి.

భారతదేశం

భారత్ కృషి అధునాతన సాంకేతిక నౌక అన్న అర్థమిచ్చే ఏటీవీ ప్రాజెక్టు పేరుతో గోప్యంగా సాగింది. సోవియట్ యూనియన్ నుంచి అద్దెకు తెచ్చిన చక్ర జలాంతర్గామి 1988 నుంచి 1991 వరకు మన నావికులకు శిక్షణ ఇచ్చింది. రష్యా నుంచి తెచ్చిన రెండో చక్ర 2012 నుంచి 2021 వరకు ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన రియాక్టరు నమూనాను తమిళనాడులోని కల్పాక్కంలో, ఇడాహోలో మాదిరిగానే, ఒడ్డు మీదే నడిపి చూశారు.

ఓడ నిర్మాణం విశాఖపట్నంలో జరిగింది. 2009 జులై 26న, కార్గిల్ విజయ దినాన, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి అరిహంత్‌కు జలప్రవేశం చేయించారు. సుమారు 6,000 టన్నుల ఈ జలాంతర్గామిలో 83 మెగావాట్ల ఒత్తిడి నీటి రియాక్టరు ఉంది. నీటిలో దిగిన నాలుగేళ్లకు, 2013 ఆగస్టు 10న, అందులో శృంఖల చర్య మొదలైంది. 2016లో నౌకాదళంలో చేరింది, 2018లో తొలి నిరోధక గస్తీ పూర్తి చేసింది. 2022 అక్టోబరు 14న బంగాళాఖాతంలో బాలిస్టిక్ క్షిపణిని ప్రయోగించింది. రెండోదైన అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే సేవలో చేరింది. అణు జలాంతర్గాముల కోసం అనకాపల్లి జిల్లా రాంబిల్లి దగ్గర నౌకాస్థావరం నిర్మాణమవుతోంది. దేశపు తూర్పు తీరాన్ని ఎంచుకోవడంలో లోతైన నీరు దగ్గరగా దొరకడం ఒక అంశం.

ప్రమాదాలు

1961 జులై 4న సోవియట్ జలాంతర్గామి కె-19లో రియాక్టరును చల్లబరిచే వ్యవస్థ లీకై ఒత్తిడి పడిపోయింది. కడ్డీలు దిగాయి, కానీ క్షయ ఉష్ణం ఆగలేదు. ఓడలో అత్యవసర శీతల వ్యవస్థ లేదు. కమాండర్ నికొలాయ్ జతేయెవ్ ఆదేశంపై నావికులు వంతులవారీగా కొన్ని నిమిషాల చొప్పున రియాక్టరు గదిలోకి వెళ్లి, ఉన్న గొట్టాలనే కోసి అతికి కొత్త నీటి దారి కట్టారు. వాళ్లకు రేడియేషన్ నుంచి కాపాడే దుస్తులు లేవు. రియాక్టరు చల్లబడింది. లోపలికి వెళ్లిన ఎనిమిది మంది మూడు వారాల్లో చనిపోయారు.

1968 మే 24న సీసం-బిస్మత్ రియాక్టరున్న కె-27లో ఇంధనం దెబ్బతిని తొమ్మిది మంది బలయ్యారు. 1985 ఆగస్టు 10న వ్లదివొస్తోక్ సమీపంలోని చాజ్మా అఖాతంలో కె-431కి ఇంధనం మారుస్తుండగా శృంఖల చర్య అదుపు తప్పి పేలింది. అక్కడికక్కడే పది మంది మరణించారు.

1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగిపోయింది. విచారణ సంఘం అంచనా ప్రకారం గొట్టపు అతుకు విడి ఉప్పునీరు విద్యుత్ పరికరాల మీద పడింది, దాంతో రియాక్టరు తనంతట తాను ఆగిపోయింది. పైకి రావడానికి శక్తి చాల్లేదు. రియాక్టరును కాపాడే ఏర్పాటే ఓడకు ప్రాణాంతకమైన ఈ ఉదంతం తరువాత, ఆగిన రియాక్టరును వేగంగా తిరిగి నడిపే పద్ధతులు వచ్చాయి. ఓడ దేహపు అతుకులన్నింటినీ తనిఖీ చేసే సబ్‌సేఫ్ కార్యక్రమం మొదలైంది. 2000 ఆగస్టు 12న టార్పెడో పేలి 118 మందితో మునిగిన రష్యా జలాంతర్గామి కుర్స్క్‌లో మాత్రం రియాక్టర్లు వాటంతట అవే ఆగిపోయాయి, తరువాత ఓడను వెలికితీశారు.

సేవానంతర దశ

అణు జలాంతర్గామిని పాత ఇనుముగా అమ్మేయడం కుదరదు. ముందు ఇంధనం తీయాలి, తరువాత రియాక్టరు గది మొత్తాన్ని కోసి వేరు చేయాలి. అమెరికా అలాంటి గదులు వందకు పైగా వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో పెద్ద కందకంలో భద్రపరిచింది. సోవియట్ యూనియన్ కె-27ను ఇంధనంతో సహా 1982లో నొవాయా జెమ్ల్యా తీరాన, కేవలం 30 మీటర్లకు కాస్త ఎక్కువ లోతులో ముంచేసింది. బ్రిటన్ తన పాత జలాంతర్గాములను డెవన్‌పోర్ట్, రోసైత్ రేవుల్లో నిలిపి ఉంచింది. 1980లో సేవ ముగించిన డ్రెడ్‌నాట్ నాలుగు దశాబ్దాల తరువాత కూడా రోసైత్‌లో నీటి మీద తేలుతూనే ఉంది.